గేటు చెప్పిందే టైము

మా కంపెనీలో మందుబిళ్ళల ప్యాకింగ్ హాలుకి కిటికీ లేదు. గోడకి గడియారం లేదు. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళు ఫోను, వాచీ, గాజులు అన్నీ గేటు దగ్గర అరల్లో పెట్టి వెళ్ళాలి. బిళ్ళల్లో పడతాయట. వాచీ బిళ్ళల్లో పడితే కనపడకుండా పోతుందా అని అడిగినావిడ తర్వాతి నెల లైనులో కనపడలేదు. అరవై మూడు మందికి టైము చెప్పేది ఒక్కటే, గేటు మీద ఎర్ర అంకెల బోర్డు. అది ఎంతంటే అంత.

ఆ బోర్డు వెనకున్న కంప్యూటరుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసింది నేను. తప్పు చేసిందీ నేనే. ఎవరి నెత్తినా రుద్దను. కానీ ఆ తప్పు మీద కూర్చుని కాలు ఊపింది ఎవరో కూడా చెబుతాను.

నన్ను వైర్లక్క అంటారు. కాలేజీలో నేర్చుకున్న పని కాదు. ఊడవడానికి చేరాను. సర్వరు గదిలో దుమ్ము దులుపుతూ ఏ వైరు ఎక్కడికి పోతుందో చూశాను. చదువుకున్నవాళ్ళు వచ్చేవాళ్ళు, నాలుగు నెలలుండి మంచి చోటికి పోయేవాళ్ళు. పోయేటప్పుడు వాళ్ళ పుస్తకాలు పారేసేవాళ్ళు, నేను ఇంటికి తీసుకెళ్ళి చదువుకునేదాన్ని. చివరికి నేను మిగిలాను. చెట్టు లేని చోట ఆముదం మొక్కే మహావృక్షం. చీపురు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది, సర్వరు నా చేతికి వచ్చింది, జీతం మాత్రం చీపురు దగ్గరే ఉండిపోయింది.

సర్వరు అంటే నేలమాళిగలో బీరువా పడుకోబెట్టినట్టు ఒక ఇనప పెట్టె. దాని లోపల రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తుంటాయి. వర్చువల్ మెషీన్లు అంటారు. ఒకే ఇంటికి అడ్డగోడ కట్టి రెండు వాటాలు చేసినట్టు. ఒక వాటాలో గోడౌను సరుకు వివరాలు, రెండో వాటాలో గేటు. ఉత్తుత్తివే గానీ చేసే పని నిజం. తాము ఉన్నది ఏ పెట్టెలోనో వాటికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోవు.

ఆ సర్వరు అద్దెది. గడువైపోయింది. ఆ రోజు మూడింటికి వాళ్ళ మనుషులు వచ్చి విప్పి పట్టుకుపోతారు. కొత్తది రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా ఏం చెయ్యాలని మేనేజరుని అడిగాను.

"ల్యాప్‌టాప్‌లో పెట్టెయ్."

"ఏనుగుని తెచ్చి మేకల దొడ్లో కట్టమంటున్నారు."

"అరనిమిషం పని. చేసెయ్." ఈయనకి ఏ పనైనా అరనిమిషమే. హాల్లో ఆడవాళ్ళు ఆయన్ని అరనిమిషం సారు అనే అంటారు.

"గేటు మెషీన్ని ఆర్పి మళ్ళీ వెలిగిస్తే రహస్యపదం అడుగుతుంది సార్. పెట్టినాయన పోయి ఆరేళ్ళయింది. అది హెడ్డాఫీసులోనే ఉంది. ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"అడిగితే ఎందుకని అడుగుతారు. ఆర్పకుండా చెయ్."

ఆర్పకుండా చెయ్యాలంటే ఉన్నది ఒకటే దారి. నిద్రపుచ్చాలి. నిద్రపోయిన మెషీన్ని ఫైళ్ళలాగా కాపీ చేసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి లేపితే, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంటుంది. సగంలో ఉన్న మాట కూడా పూర్తి చేస్తుంది. రహస్యపదం అడగదు, ఎందుకంటే తను ఆగిన సంగతి తనకి తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గోడౌను మెషీన్‌తో చిక్కు లేదు, దాన్ని పొద్దునే ఆర్పి మార్చేశాను. గేటు మెషీన్ని పన్నెండూ ఇరవైకి నిద్రపుచ్చాను. ఆ వేళ గేటుతో పని ఉండదు. ఎనిమిదింటికి లోపలికి వెళ్ళిన షిఫ్టు నాలుగింటికి గానీ బయటికి రాదు, అన్నం కూడా లోపలి వసారాలోనే తింటారు. "బోర్డు కాసేపు ఆరిపోతుంది, కంగారు పడకండి" అని హాలుకీ గేటు గదికీ మధ్యనున్న అద్దంలోంచి చెప్పాను. అరగంటలో అయిపోతుందనుకున్న కాపీకి ఆ పాత వైరు రెండు గంటల పది నిమిషాలు తీసుకుంది. ల్యాప్‌టాప్ తెచ్చి గేటు గదిలో బల్ల మీద పెట్టి, గేటు వైరు తగిలించి, మెషీన్ని లేపాను. బోర్డు వెలిగింది. గేటు కాపలా తాత ఎప్పుడో రద్దయిన కార్డు ఒకటి చూపించాడు. చెల్లదు అని ఎర్రగా మెరిసింది.

"బతికే ఉందమ్మా, తిడుతోంది" అన్నాడు తాత.

వెలిగిందా లేదా అని చూశాను. ఏం చెబుతోందో చూడలేదు. అదే నా తప్పు. కింద సర్వరు విప్పేవాళ్ళు స్క్రూలతో కుస్తీ పడుతుంటే పరిగెత్తాను. వాళ్ళు దాన్ని చక్రాల బండి మీద తోసుకుంటూ వెళ్ళిపోయాక, చేతులు కడుక్కుని పైకి వచ్చాను.

అద్దం అవతల మా చెల్లెలు నిలబడి ఉంది.

అది ఈ హాల్లో చేరి ఏడాదైంది. చేర్పించింది నేనే. దానికి ఐదు నెలల పాప. పాప డబ్బాపాలు ముట్టదు, పాలపీక నోట్లో పెడితే పెదాలు బిగిస్తుంది. పొద్దున ఏడూ నలభైకి పాలిచ్చి వస్తుంది, నాలుగింటికి గేటు తెరవగానే పరుగున పోతుంది. రెండు వీధుల అవతలే ఇల్లు. అప్పటిదాకా పాప వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది. ఆయన బస్సు డ్రైవరు, ఐదింటికి డ్యూటీ ఎక్కాలి. వాళ్ళది నాలుగూ ఐదూ మధ్య ఆ గంట మీద నడిచే సంసారం.

"అక్కా, టైమెంత?"

అలవాటుగా బోర్డు వైపు చెయ్యి చూపించాను. 1:52.

"అది కాదు. నిజం టైమెంత?"

"అదేంటే?"

"నా జాకెట్టు తడిసి గంటయింది. రోజూ అన్నం బెల్లు కొట్టాక కదా పొంగేది, పిండి పారబోస్తాను. ఇవాళ బెల్లు కొట్టకముందే పొంగింది. ఇప్పుడు మళ్ళీ రాయిలా అయిపోయింది. నాలుగైందక్కా. నాకు తెలుసు."

వెనక నుంచి లైను లీడరమ్మ నవ్వింది. "పాలు పొంగితే టైము తెలుస్తుందేంటే? అయితే నాకు నడుం పట్టేసింది, ఆదివారం వచ్చేసినట్టే."

ల్యాప్‌టాప్ మూలన చిన్న అంకెలు చూశాను. 4:02.

మెషీన్ పన్నెండూ ఇరవైకి కళ్ళు మూసింది, రెండున్నరకి తెరిచింది. దాని లెక్కలో రెప్ప కొట్టినంతసేపే. లేచి పన్నెండూ ఇరవై అనుకుని అక్కడి నుంచి నడుస్తోంది. అన్నం బెల్లు కూడా రెండూ నలభైకి కొట్టింది. నేను నేలమాళిగలో ఉండి వినలేదు. వీళ్ళు విన్నారు, కానీ బోర్డు ఎంతసేపు ఆరి ఉందో పోల్చుకోవడానికి వీళ్ళ దగ్గర ఏముంది?

అద్దంలోంచి సంగతి చెప్పాను. లైను ఆగిపోయింది.

"అందుకా ఇవాళ ఆకలి అంత నకనకలాడింది" అంది ఒకావిడ.

"నేను షుగరు పడిపోయిందనుకున్నా" అంది ఇంకొకావిడ.

లీడరమ్మ నవ్వు మానేసింది. "అయితే మమ్మల్ని ఎప్పుడు వదులుతుంది?"

గేటు రూలు గోడ మీదే రాసి ఉంటుంది. ఎనిమిది గంటలు పూర్తి కాని కార్డుకి తెరుచుకోదు. గేటు గంటలు. అంటే నిజం టైము ఆరూ పదికి.

ఇంకో తలుపుంది. అత్యవసర ద్వారం అని పచ్చ అక్షరాలు. దాని ముందు అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, లోపల మూడు గజాల మందం.

మేనేజరు గది మేడ మీద. ఆయన గోడకి పెద్ద గడియారం ఉంది. పైనున్న మనిషికి ఉంటుంది, కిందున్న మనిషికి ఉండదు. అందులో నాలుగూ పది. జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అది చూసి నేను ఆశ్చర్యపోయాను.

"అన్నం బెల్లు రెండూ నలభైకి కొట్టింది, విన్నాను" అన్నాడు.

"విని?"

"నువ్వేదో చేస్తున్నావు కదా, మధ్యలో కదిలించడం ఎందుకని."

"హెడ్డాఫీసుకి ఫోన్ చేసి రహస్యపదం అడగండి సార్. టైము సరిచేస్తాను."

"అరనిమిషం. రేపు సరుకు కొనేవాళ్ళ తనిఖీ ఉంది, తెలుసా? టైము ముట్టుకుంటే గేటు రిపోర్టులో ఎర్రగీత పడుతుంది. ఎర్రగీతకి సంజాయిషీ రాయాలి. ఎవరు చేశారంటే నీ పేరే రాయాలి." కాగితాలు సర్దుకున్నాడు. "రెండు గంటలు. ఏం కొంపలంటుకున్నాయి? ఆరింటికి లారీ వస్తుంది, ఈలోపు పెట్టెలు కూడా నిండుతాయి."

అదీ సంగతి. నా పొరపాటు ఆయనకి అరవై మూడు మందిని రెండు గంటలు ఊరికే ఇచ్చింది. రిపోర్టులో ఎనిమిది గంటలే ఉంటాయి.

"మా చెల్లెలికి చంటిపిల్ల ఉంది సార్. పొద్దుటి నుంచి పాలు లేవు. ఐదింటికి ఇంట్లో ఎవరూ ఉండరు."

"అరరోజు చీటీ రాసిస్తాను, పొమ్మను."

ఎంత చల్లగా అన్నాడో. నెలలో అరరోజులు మూడు పడితే పేరు కొట్టేస్తారు. దానికి ఈ నెల రెండు పడ్డాయి, ఒకటి పాప టీకాకి, ఒకటి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చి. రెండు చీటీలూ ఈయన రాసినవే.

"పొద్దున ఎనిమిదింటికి వచ్చింది సార్. ఎనిమిది గంటలూ నిలబడింది. అరరోజు అని ఎలా రాస్తారు?"

"నువ్వంటే ఎలా, నేనంటే ఎలా? గేటు చెప్పిందే టైము."

దిగి వస్తుంటే ఫోను. మరిది.

"వదినా, అదింకా రాలేదేంటి? నాలుగున్నర కావస్తోంది." వెనక పాప ఏడుపు. మామూలు ఏడుపు కాదు, గొంతు అరిగిపోయి మధ్యమధ్యలో ఆగే ఏడుపు. "చెంచాతో నీళ్ళు పడితే ఉమ్మేస్తోంది. నేను ఐదింటికి బండి దగ్గర లేకపోతే ఇంకొకడు ఎక్కేస్తాడు. మొన్ననే రాతపూర్వకంగా చెప్పారు. ఏం చెయ్యమంటావు, పిల్లని ఒళ్ళో పెట్టుకుని స్టీరింగు తిప్పనా?"

"పక్కింటావిడ?"

"తాళం వేసుంది."

"వస్తుంది. ఉండు."

"ఎప్పుడు వస్తుంది?"

ఫోను పెట్టేశాను.

చెల్లెలు అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది, రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని. నీలం కోటు ముందంతా నల్లగా తడిసింది. చీటీ సంగతి చెప్పాను.

"ఎనిమిది గంటలు నిలబడి అరరోజు రాయించుకోవాలా?"

"ఆయన అదే అంటున్నాడు."

"నువ్వేమంటున్నావు?" అద్దానికి మాట్లాడడానికి గుండ్రటి కన్నం ఉంటుంది, దానికి నోరు ఆనించి అడిగింది. "ఈ పనిలో పెట్టింది నువ్వు. ఇక్కడ కట్టేసిందీ నువ్వే. పాప ఏడుస్తోందా?"

"ఏడుస్తోంది."

"నాకు తెలుస్తూనే ఉంది." కోటు మీద ఇంకో తడి మచ్చ పాకింది. "రాయమను చీటీ. పోతే పోయింది ఉద్యోగం."

"అరనిమిషం ఆగు."

"నువ్వూ మొదలెట్టావా?"

బల్ల ముందు కూర్చున్నాను. ఆలోచించు, ఆలోచించు. టైము మార్చకూడదు, ఎర్రగీత. ఆర్పి వెలిగించకూడదు, రహస్యపదం. బయటి గడియారం మాట ఈ మెషీన్ వినదు. ఒకప్పుడెవరో సర్వరు టైము ముందుకి జరిపి షిఫ్టుని తొందరగా వదిలారని, అప్పటినుంచి దాని చెవులు మూసేశారు. తన గడియారం తనదే, ఇంకొకరిని నమ్మదు. నాలుగు వైపులా గోడే.

కానీ ఒకటుంది. అది ఉత్తుత్తి కంప్యూటరు. దాని గడియారంలో సెకను సెకనుకి పడే టిక్కు దానిది కాదు, దాన్ని మోస్తున్న పెట్టె ఇస్తుంది. ఆ పెట్టె మధ్యాహ్నందాకా నేలమాళిగలో ఉంది. ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది.

పారేసిన పుస్తకాల్లో ఒకదాని చివర చదివాను. ప్రోగ్రాములు పరీక్షించేవాళ్ళ కోసం ఒక మీట ఉంటుంది. వంద అని ఉంటే మెషీన్‌కి టైము మామూలుగా నడుస్తుంది. వెయ్యి అని రాస్తే పది రెట్లు. లోపలున్నదానికి ఏమీ తెలియదు. దానికి గంట గంటలాగే ఉంటుంది. ఎవరూ గడియారం ముట్టుకోలేదు కాబట్టి గీత పడదు.

నేను ఎప్పుడూ చేసి చూడలేదు. మెషీన్ని మళ్ళీ నిద్రపుచ్చి, మీట మార్చి, లేపాలి. లేవకపోతే గేటు చచ్చినట్టే. సర్వరు వెళ్ళిపోయింది, వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో కాపీ లేదు. అరవై మూడు మంది, మూడు గజాల అట్టపెట్టెలు.

"తాతా, ఒక పని చేస్తున్నాను."

"నన్నడక్కమ్మా" అన్నాడు తాత. "నా కళ్ళు మసకలు. అటు తిరిగి కూర్చుంటా." నిజంగానే కుర్చీ తిప్పుకున్నాడు.

నాలుగూ ముప్ఫై ఎనిమిది. నిద్రపుచ్చాను.

బోర్డు నల్లబడింది. అద్దం అవతల గుసగుసలు ఆగిపోయాయి. వెయ్యి అని కొట్టాను. తొందరలో ఇంకో సున్నా పడింది, చెరిపాను. లేపాను. తెర మీద గుండ్రం తిరుగుతోంది. తిరుగుతోంది. ఎవరో లోపల దగ్గారు. తిరుగుతోంది.

2:28.

ఊపిరి మూడుసార్లు పీల్చి వదిలానో లేదో, 2:29. మళ్ళీ 2:30.

"అమ్మో, దీనికేదో పూనింది" అంది లీడరమ్మ.

"ఏమీ పూనలేదు. పరిగెత్తిస్తున్నా. మీరు నోరు మూసుకుని పని చేస్తున్నట్టు నటించండి."

"ఏడాది నుంచీ అదేగా చేస్తున్నాం."

ఎవరూ నటించలేదు. అందరూ వచ్చి గేటు ముందు గుమిగూడారు, తలలెత్తి, బోర్డు వంక చూస్తూ. 2:45. 2:51. మూడింటికి మంచినీళ్ళ బెల్లు, రోజూ చెవులు గింగురుమనేలా మోగేది, టింగ్ అని ఒక్క చుక్క పడ్డట్టు ఆగిపోయింది. మేడ మీద వినపడలేదు.

"అక్కా, ఆపకు" అంది వెనక నుంచి ఒకమ్మాయి. "అలా పోనీ. రిటైరైపోదాం."

"నాకు వచ్చే నెల కూతురి పరీక్షలున్నాయి, అవి దాటించి ఆపు."

నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. కార్డు చేత్తో పట్టుకుని అందరికంటే ముందు, గేటు ఇనప చువ్వలకి ఆనుకుని నిలబడింది. ఫోను మోగుతూనే ఉంది నా జేబులో. తియ్యలేదు. 3:40. 3:52.

4:00.

కార్డు చూపించింది. టక్. పచ్చలైటు. తోసింది. టక్. బిగుసుకుంది.

"ఏంటిది?" మళ్ళీ చూపించింది. టక్, టక్. ఈసారి కోటు చెయ్యి చువ్వల మధ్య ఇరుక్కుంది. లాక్కుంది, మణికట్టు గీరుకుపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. కార్డు చూపిస్తే గేటు ఐదు సెకన్లు వదులుతుంది. గేటు సెకన్లు. పది రెట్ల పరుగులో అవి మన లెక్కకి అర సెకను. మనిషి దూరేంత సందు కాదు. తెరిచిందీ నేనే, మూసిందీ నేనే.

"అక్కా." అరవలేదు. ఆ ఒక్క మాటే, చాలా నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

మళ్ళీ నిద్రపుచ్చాలి, మళ్ళీ వంద పెట్టాలి, మళ్ళీ లేపాలి. ఇందాక లేచింది కదా అని ఇప్పుడు లేస్తుందన్న నమ్మకం ఏమీ లేదు. బోర్డు ఆర్పాను. వంద. లేపాను. గుండ్రం. అవతల అరవై మూడు మొహాలు. మా చెల్లెలు చువ్వలు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

4:01. ఊపిరి పీల్చాను, వదిలాను, పీల్చాను. ఇంకా 4:01 లోనే ఉంది. నడుస్తోంది, మనిషిలాగా.

టక్. తోసింది. గేటు తిరిగింది. బయటికొచ్చింది. నా వైపు చూడలేదు, అరలోంచి ఫోను తీసుకోలేదు, తల మీద నీలం టోపీ కూడా తియ్యలేదు. చేతులు గుండెలకి అడ్డం పెట్టుకుని అలాగే వీధిలోకి పరిగెత్తింది. మూల తిరిగేదాకా చూశాను.

తర్వాత ఒక్కొక్కరూ. టక్, తోసుకో, బయటికి. టక్, తోసుకో. లీడరమ్మ ఆఖర్న వచ్చి బల్ల దగ్గర ఆగింది.

"రేపు మమ్మల్ని ఏమైనా అంటారా?"

"రిపోర్టులో నాలుగింటికి పోయినట్టే ఉంటుంది. ఏమనడానికి లేదు."

"నిన్ను?"

"నువ్వెళ్ళు."

హాలు ఖాళీ అయింది. గేటు ఇంకా యాభై నిమిషాలు వెనకబడే ఉంది. ఆరింటికి ఇంకో షిఫ్టు వస్తుంది, అప్పటికి నిజం టైము దగ్గరికి తేవాలి. మళ్ళీ వెయ్యి పెట్టాను. 4:08, 4:09, 4:10. మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది.

మేనేజరు. కిటికీలోంచి వీధి చూసుంటాడు. ముందు ఖాళీ హాలు చూశాడు. తర్వాత బోర్డు చూశాడు. అంకెలు నీళ్ళలా జారిపోతుంటే కదలకుండా నిలబడ్డాడు. చేతి వాచీ చూసుకున్నాడు, బోర్డు చూశాడు. నేను లేవలేదు. రెండు గడియారాలూ ఐదూ నాలుగుకి కలిశాయి. ఆపి, వంద పెట్టి, లేపాను.

"టైము మార్చావా?"

"లేదు సార్. ముట్టుకోలేదు. చూసుకోండి."

నన్ను పక్కకి జరగమని వంగి రిపోర్టు తెరిచాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. అరవై మూడు పేర్లు, ఎనిమిదికి లోపలికి, నాలుగింటికి బయటికి. ఎర్రగీత లేదు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఫోను మోగింది. తీశాను. ఏడుపు లేదు. మోటారు శబ్దం, జనం.

"తాగిందొదినా" అన్నాడు మరిది. "ఒక పక్క అయిపోయి రెండో పక్కకి మారింది. నేను బండెక్కేశాను, నాలుగు నిమిషాలు లేటు, తిట్టారు గానీ ఇచ్చారు. దానికి చెయ్యి గీరుకుంది, ఎక్కడంటే చెప్పదు. ఉంటా, సిగ్నలు పడింది."

జేబులో పెట్టుకున్నాను. ఇంక ఏమన్నా అనుకో అనుకున్నాను. తీసేస్తాడు, తిడతాడు, కేసంటాడు. అన్నిటికీ జవాబు తయారుగా ఉంది నా దగ్గర. నోరు నాకూ ఉంది.

ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ వంక చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"మార్చకుండానే పరిగెత్తించావన్నమాట."

"అవును."

"గీత పడదు."

"పడదు."

"అంటే," అన్నాడు, మెత్తగా, పక్కవాటాలో చక్కెర అడిగినట్టు, "నెమ్మదిగా కూడా నడిపించొచ్చు కదా?"

వంద బదులు తొంభై. ఎవరికి తెలుస్తుంది? కిటికీ లేదు, వాచీ లేదు. రోజుకి ఎనిమిది గంటలు అని రాసి తొమ్మిది నిలబెట్టొచ్చు, ఏ తనిఖీకీ దొరకదు. ఆకలి ముందే వేసిందేంటా అనుకుంటారు. నడుం నొప్పి వయసు వల్ల అనుకుంటారు. చంటిపిల్ల ఉన్నది ఒకతి చెబుతుంది, దాన్ని చూసి నవ్వుతారు. మా చెల్లెల్ని బయటికి తియ్యడానికి నేను తవ్విన కన్నంలోంచి ఈయన లోపలికి దూరుతున్నాడు.

"రాదు సార్. ముందుకే."

"అరనిమిషం." చెయ్యి చాచాడు. "పుస్తకంలో చూసుకుంటాను. ల్యాప్‌టాప్ నా గదిలో పెట్టు. నెల రోజులు అక్కడే ఉంటుంది."

సర్వరైతే ఎత్తలేడు. నలుగురు కావాలి, బండి కావాలి. ఇది చంకలో పెట్టుకుని పోయేంతది. అంత చిన్నదాంట్లోకి కుదించి పెట్టిందీ నేనే.

"తీసుకెళ్ళండి. మూత వేస్తే నిద్రపోతుంది, గేటు పడిపోతుంది. వైరు పీకినా అంతే. మేడ మీదకి వైరు లేదు. ఆరింటికి షిఫ్టు వస్తుంది."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మూత వెయ్యలేడు, వైరు పీకలేడు, నన్ను దాని ముందు వదిలి పైకి వెళ్ళలేడు. నేను మటుకు ఈయన్ని దాని ముందు వదిలి ఇంటికి ఎలా వెళ్ళను?

ఆయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. నేనూ జరిపాను. ల్యాప్‌టాప్ ఇద్దరి మధ్యా తెరుచుకుని ఉంది.

తాత కుర్చీ ఇటు తిప్పాడు. ఇద్దర్నీ చూశాడు. "టీ చెప్పనా? ఇద్దరికీ ఒకచోటేనా, వేరువేరుగానా?"



ఐదూ యాభైకి ఆరింటి షిఫ్టు ఆడవాళ్ళు రావడం మొదలైంది. గాజులు తీసి అరల్లో పెడుతున్నారు, వాచీలు విప్పుతున్నారు. మొదటావిడ కార్డు పట్టుకుని మా బల్ల దగ్గర ఆగింది.

"ఏంటక్కా, సారు పక్కన కూర్చున్నావు? ప్రమోషనా?"

మేనేజరు వైపు చూశాను. ఆయన తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"నీ వాచీలో ఎంతైంది?" అని అడిగాను, అందరికీ వినపడేలా.

"ఐదూ యాభై ఒకటి."

"బోర్డు మీద?"

చూసింది. "అంతే."

"లోపలికెళ్ళాక నీ కాళ్ళని నమ్ము, నీ కడుపుని నమ్ము. బోర్డుని నమ్మకు. వెనకొచ్చేవాళ్ళకి కూడా చెప్పు."

"ఎందుకు, ఏమైంది?"

"చెబుతాను, విను" అన్నాను. మేనేజరు కుర్చీ కిర్రుమంది. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను.